వీలింగ్ చేసేది కొడుకు, కోర్టు మెట్లెక్కేది తండ్రి

ఆదివారం తెల్లవారుజామున చిక్కబళ్ళాపూర్ బైపాస్ పక్కన టీ అంగడి దగ్గర నిలబడితే ఈ కథ మొదలయ్యే చోటు కనబడుతుంది. బెంగళూరు నుంచి నంది కొండకు, ఆవలగుర్కి ఆదియోగి దగ్గరకు పెద్ద బైకులు వరసగా వస్తాయి. ఒక్కొక్కటి లక్షల ఖరీదు. నడిపేవాళ్లకు తలమీద మంచి హెల్మెట్, ఒంటిమీద మందపాటి జాకెట్. వాళ్లను చూస్తూ రోడ్డు పక్కన మన ఊళ్ల కుర్రాళ్లు నిలబడి ఉంటారు. సాయంత్రానికి అదే ఆట బాగేపల్లి సర్వీసు రోడ్డు మీద, చింతామణి వెలుపలి లేఅవుట్లలో మొదలవుతుంది. తేడా ఒక్కటే. ఈ పిల్లల తలమీద హెల్మెట్ ఉండదు. కింద ఉన్నది పాల క్యాన్లు మోయడానికి నాన్న కొన్న బండి. వెనక ఇంకొకడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటాడు.

దీన్ని మనమందరం వీలింగ్ అంటాం. ముందు చక్రం గాల్లోకి లేపి, వెనక చక్రం మీద నడపడం. ఇది తప్పని అందరికీ తెలుసు. అయితే పట్టుబడితే ఏమవుతుంది, ఎవరికి అవుతుంది, ఎంత పోతుంది అన్నది చాలా ఇళ్లలో తెలియదు. "ఫైన్ కడితే పోతుందిలే" అనుకుంటారు. కొన్నిసార్లు నిజంగానే ఫైనుతో పోతుంది. పోని రోజున మాత్రం ఇల్లు, పొలం దాకా వస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాను అర్థం చేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గంగావతి కేసు చెప్పినది

2024 అక్టోబరులో కొప్పళ జిల్లా గంగావతి దగ్గర ఒక బండి మీద ముగ్గురు వెళ్తూ వీలింగ్ చేస్తుండగా గస్తీ పోలీసులు చూశారు. బండి అదుపు తప్పి పడింది. దగ్గరకు వెళ్లిన పోలీసుల మీద వాళ్లు చెయ్యి చేసుకుని, ఫోన్లు కాలువలో పారేశారన్నది ఆరోపణ. బండి నడిపిన యువకుడు బెయిల్ కోసం కర్ణాటక హైకోర్టుకు వెళ్తే, 2025 మేలో జస్టిస్ వి. శ్రీశానంద బెయిల్ నిరాకరించారు.

ఆ ఉత్తర్వులో మన ప్రాంతానికి పట్టే మాటలు రెండున్నాయి. మొదటిది, ఒకప్పుడు పెద్ద నగరాల వెడల్పు రోడ్లకే పరిమితమైన వీలింగ్ ఇప్పుడు పల్లెలకూ పాకిందని. రెండోది, వీలింగ్‌ను నేరుగా ఆపడానికి ఇప్పుడున్న చట్టంలో సరైన సెక్షన్ లేదని, ప్రభుత్వం కఠినమైన నిబంధన తేవాలని. ఆ కేసులో విషయం బరువెక్కింది పోలీసుల మీద దాడి జరిగిందన్న ఆరోపణ వల్ల. ఒట్టి వీలింగ్ అయితే స్టేషన్‌లోనే బెయిల్ దొరికే నేరం.

న్యాయమూర్తి చెప్పిన ఆ లోటు నిజమే. మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా 'వీలింగ్' అన్న మాట లేదు. కాబట్టి పోలీసులు ఉన్న సెక్షన్లలోనే దాన్ని సర్దుతారు.

ప్రమాదం జరగకపోతే

మొదటిది మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, అంటే ప్రమాదకరంగా నడపడం. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్ల లోపు మళ్లీ పట్టుబడితే రెండేళ్ల దాకా జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. 'లేదా' అన్న ఆ చిన్న మాట వల్లే చాలా కేసులు జరిమానాతో ముగుస్తాయి. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి కళ్లెదుట ఈ నేరం జరిగితే, 202వ సెక్షన్ కింద వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు.

రెండోది 189వ సెక్షన్. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెట్టినా, పాల్గొన్నా మూడు నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారికి ఏడాది దాకా జైలు లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. జాతర రోజున "చూద్దాం, ఎవరు ముందు టోల్ దగ్గరికి పోతారో" అన్న సరదా పందెమూ ఇందులోకే వస్తుంది.

మూడోది భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన ఈ కొత్త చట్టంలో ఇది పాత ఐపీసీ 279కి బదులు. బహిరంగ రోడ్డు మీద ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా నడిపితే ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ.

ఇవి కాక బండి మీద వచ్చేవి వేరు. కంపెనీ సైలెన్సర్ పీకేసి మోతది బిగిస్తే, మార్పు చేయించిన యజమానికి 182ఎ కింద ఒక్కో మార్పుకు 5 వేలు, లేదా ఆరు నెలల దాకా జైలు. శబ్ద కాలుష్యానికి 190వ సెక్షన్ కింద 10 వేల దాకా జరిమానా, దానితో మూడు నెలలు లైసెన్సు రద్దు. ముగ్గురు ఎక్కితే 194సి, హెల్మెట్ లేకపోతే 194డి. చట్టంలో హెల్మెట్ జరిమానా వెయ్యి ఉన్నా కర్ణాటక 500కి తగ్గించింది. కొడికొండ చెక్‌పోస్టు దాటి ఆంధ్రలోకి అడుగు పెడితే 2025 మార్చి 1 నుంచి వెయ్యి. హిందూపురం, మదనపల్లె, కదిరి బంధువుల ఇళ్లకు బండి మీద పోయి వచ్చే మనవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

ఇక్కడో అపోహ ఉంది. ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలోనూ, 2025 ఆగస్టు సెప్టెంబరుల్లోనూ పాత ట్రాఫిక్ ఫైన్లలో సగం మాఫీ ఇచ్చింది. దాంతో ఏ కేసైనా ఎప్పటికో ఒకప్పటికి సగానికి తెగిపోతుందన్న ధీమా కుర్రాళ్లలో వచ్చింది. ఆ మాఫీ పాత ఇ-చలాన్లకు. 281 కింద ఎఫ్ఐఆర్ అయి కోర్టులో నడిచే కేసు వేరు. దానికి సగం మాఫీ లేదు. వాయిదాలకు తిరగాల్సిందే.

పదిహేడేళ్ల వాడైతే

ఇప్పటిదాకా చెప్పినది పద్దెనిమిది నిండినవాడి సంగతి. మన ఊళ్లలో అసలు భయపడాల్సింది పదో తరగతి, పీయూసీ పిల్లల గురించి.

గేర్లున్న బండికి లైసెన్సు వయసు 18. పదహారేళ్లకు అనుమతి ఉన్నది 50 సీసీ మించని ఇంజనుకే. ఇవాళ మన ఇళ్లలో ఉన్న స్కూటర్లు, బైకులు దాదాపు అన్నీ అంతకన్నా పెద్దవే. అంటే ట్యూషన్‌కని అబ్బాయి చేతికి తాళం ఇచ్చిన క్షణమే చట్టం దాటినట్టు.

2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ఇక్కడ పనిచేస్తుంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే, తండ్రి లేదా సంరక్షకుడు, బండి యజమాని దోషులే. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు, ఎల్ఎల్ఆర్ కూడా రాదు.

ఇందులో చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. మామూలు నేరాల్లో పోలీసులే తప్పు నిరూపించాలి. ఇక్కడ మాత్రం పిల్లవాడు బండి తీసింది పెద్దవాళ్ల సమ్మతితోనేనని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని నిరూపించే భారం తండ్రిదే. "నాకు తెలియదు సార్, తాళం టీవీ మీద పెట్టాను, వాడే తీసుకుపోయాడు" అంటే చాలదు. తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగినంత జాగ్రత్త తీసుకున్నాననో చూపించాలి. రోజూ అదే బండి మీద అబ్బాయిని డెయిరీకి పంపే తండ్రి ఆ మాట ఎలా నిరూపిస్తాడు? పక్కింటివాళ్లు సాక్ష్యం చెప్పక్కర్లేదు. అబ్బాయి ఫోన్‌లోని రీల్సే చాలు.

బండి మేనమామదో, అన్నదో అయితే యజమానిగా ఆయన కూడా చిక్కుకుంటాడు. "పండక్కి వచ్చాడు, ఒక్క రౌండు ఇవ్వు మామా" అని అడిగినప్పుడు కాదనలేక ఇచ్చే మనవాళ్లకు ఈ సెక్షన్ తెలియదు.

పిల్లవాడికి కొన్ని హక్కులున్నాయి, అవీ తెలియాలి. పద్దెనిమిది నిండనివాడిని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. అతని కేసు మామూలు కోర్టుకు కాక బాలల న్యాయ మండలి ముందుకు వెళ్తుంది. 2024 మేలో పుణెలో మైనరు నడిపిన పోర్షె కారు కింద ఇద్దరు ఐటీ ఉద్యోగులు చనిపోయినప్పుడు, అతణ్ణి రోడ్డు భద్రత మీద వ్యాసం రాయమని మొదట వదిలేసినందుకు దేశమంతా కోపగించుకుంది. కానీ ఆ కేసులోనే తండ్రి కూడా అరెస్టయ్యాడు. డబ్బున్న ఇల్లయినా, మన పాడి రైతు ఇల్లయినా, పిల్లవాడి చేతికి బండి వెళ్తే పెద్దవాళ్ల మీద నడిచే సెక్షన్ ఒకటే.

ప్రాణం పోతే

2023 అక్టోబరు 26 ఉదయం మంచులో, చిక్కబళ్ళాపూర్ పక్కన చిత్రావతి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద నిలిచి ఉన్న ట్యాంకరును ఒక సుమో గుద్దింది. బాగేపల్లి వైపు నుంచి బెంగళూరుకు పోతున్న పదమూడు మంది చనిపోయారు. అందులో వీలింగ్ లేదు, పందెం లేదు. ఈ రోడ్డు ఒక్క తప్పును కూడా క్షమించదని చెప్పడానికే దాన్ని గుర్తు చేస్తున్నాను. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే.

వేగంగా, అజాగ్రత్తగా నడిపి ఒకరి ప్రాణం తీస్తే న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. పాత చట్టంలో ఇది రెండేళ్లే ఉండేది. గాయపడితే 125వ సెక్షన్, తీవ్ర గాయమైతే మూడేళ్ల దాకా. ప్రాణం పోవచ్చని తెలిసీ నడిపాడని పోలీసులు చూపగలిగితే 105వ సెక్షన్, అంటే హత్య కాని నరహత్య కింద పెట్టవచ్చు. శిక్ష పదేళ్ల దాకా వెళ్లవచ్చు. ముంబయిలో తాగి కారు నడిపి ఏడుగురిని చంపిన కేసులో సుప్రీంకోర్టు 2012లో దీనికి సమానమైన పాత సెక్షన్ కింద శిక్షను నిలబెట్టింది. సంత రోజున జనం మధ్య కావాలని చక్రం లేపిన వాడి విషయంలో పోలీసులు ఈ వాదన చేయరని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కానీ జైలు కన్నా ముందు ఇంటి తలుపు తట్టేది నష్టపరిహారం. ఇది మన ఇళ్లలో అస్సలు లెక్క వేయని సంగతి. ఒక లెక్క వేసి చూద్దాం. ముప్పై ఐదేళ్ల మనిషి, చింతామణి మార్కెట్‌లో హమాలీ, నెలకు 15 వేలు సంపాదిస్తున్నాడు, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకుందాం. అతను బండి తగిలి చనిపోయాడు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేఠీ కేసుల్లో ఖాయం చేసిన పద్ధతి ఇది. ఏడాది ఆదాయం 1,80,000. నలభై లోపు వాడు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 2,52,000. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలు కోల్పోయిన సాంగత్యం వగైరా దీనికి అదనం. వడ్డీ కూడా.

ముప్పై లక్షలు. ఇది ధనవంతుడి ప్రాణం ఖరీదు కాదు, నెలకు పదిహేను వేల కూలి మనిషిది. అలా కట్టించడమే న్యాయం కూడా. ఆ నలుగురు బతకాలి కదా.

ఆ సొమ్ము ఎవరు కడతారు

ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడుతుంది అనుకుంటాం. మూడు చోట్ల ఆ నమ్మకం జారిపోతుంది.

మొదటిది, బీమా లేకపోవడం. 2018 సెప్టెంబరు తర్వాత కొన్న కొత్త బైకులకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా కొనేటప్పుడే కలిసి వస్తుంది. ఆ ఐదేళ్లు నిండాక కొత్తది కట్టేవాళ్లు పల్లెల్లో ఎంతమంది? బీమా లేని బండితో ప్రమాదం జరిగితే మొత్తం యజమాని ఆస్తి నుంచే రావాలి.

రెండోది, లైసెన్సు లేనివాడు నడపడం. బాధిత కుటుంబానికి అన్యాయం జరగకూడదని కోర్టులు చాలా కేసుల్లో కంపెనీని ముందు కట్టమంటాయి. తర్వాత అదే మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసు నుంచి ఇది నడుస్తున్న దారి. అంటే కంపెనీ కట్టినంత మాత్రాన తండ్రి బయటపడినట్టు కాదు. రికవరీ నోటీసు మరుసటి ఏడాది వస్తుంది. అప్పుడు పొలం జప్తు మాట మొదలవుతుంది.

మూడోది, నడిపినవాడే చనిపోతే. 2014లో హాసన్ జిల్లా అర్సికెరె వైపు వెళ్తూ వేగంగా నడిపిన కారు బోల్తా పడి నడిపినతనే చనిపోయాడు. కుటుంబం 80 లక్షలు అడిగింది. తన తప్పు వల్ల తానే చనిపోయినవాడి కుటుంబానికి కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదని కర్ణాటక హైకోర్టు 2024 నవంబరులో తీర్పు చెప్పింది. 2025 జులై 2న సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. ఆ వార్త "స్టంట్లు చేస్తే బీమా లేదు" అని ఫోన్లలో తిరిగింది. ఆ కేసులో స్టంట్లేమీ లేవు, కానీ సూత్రం వీలింగ్‌కు ఇంకా గట్టిగా పడుతుంది. యజమాని పేరు మీద ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వేరు. దానికీ చెల్లే లైసెన్సు ఉండాలి.

వెనక కూర్చున్న స్నేహితుడి సంగతి ఇంకా ఘోరం. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్న బండి వెనక కూర్చున్నవాడికి ఆ పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో చెప్పింది. వీడియో తీయడానికి ఎక్కిన పిల్లవాడి కాలు విరిగితే, అతని తల్లిదండ్రులు అడగాల్సింది బండివాళ్లనే. ఒకే వీధిలో ఉండే రెండు ఇళ్ల మధ్య అప్పుడు ఏమి మిగులుతుంది?

ఇంకొక్కటి. బండి అమ్మేసి ఆర్‌సీ మార్చకుండా వదిలేసినవాళ్లు మన తాలూకాల్లో లెక్కలేనంతమంది. కొన్నవాడు ఇంకొకడికి, వాడు మరొకడికి. ప్రమాదం జరిగితే కోర్టు చూసేది ఆర్‌సీలో పేరు. ఆర్‌సీలో ఉన్నవాడే పరిహారానికి బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నాలుగేళ్ల కిందట సంతలో అమ్మిన బండి కోసం నోటీసు వచ్చినప్పుడు "అది నాది కాదు" అనే మాట నిలవదు. అమ్మినరోజే 29, 30 ఫారాలు నింపి చిక్కబళ్ళాపూర్ లేదా చింతామణి ఆర్టీఓలో వేయండి. ఆంధ్రలోని బంధువుకు అమ్మితే ఎన్ఓసీ కూడా తీయండి.

కఠిన చట్టం ఒక్కటే మందా?

హైకోర్టు కోరినట్టు ప్రభుత్వం వీలింగ్‌కు వేరే సెక్షన్ తేవచ్చు. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి రాష్ట్రం సవరణ చేయగలదు. కేంద్ర చట్టానికి విరుద్ధంగా ఉంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది వచ్చేలోపు చేతిలో ఉన్నదాన్ని వాడుతున్నామా అన్నది నా ప్రశ్న.

19వ సెక్షన్ కింద ప్రజలకు ప్రమాదంగా మారిన వాడి లైసెన్సును ఆర్టీఓ రద్దు చేయవచ్చు, కోర్టు తీర్పు దాకా ఆగక్కర్లేదు. 136ఎ కింద జాతీయ రహదారుల మీద కెమెరాలతో నిఘా పెట్టాలి. పదే పదే పట్టుబడేవాడి దగ్గర మంచి నడవడికకు ముచ్చలికె రాయించుకునే వీలు నాగరిక సురక్షా సంహితలో ఉంది. ఇవి కాగితం మీద ఉన్నాయి. ఇరవై ఏళ్ల కుర్రాడు భయపడేది పదేళ్ల శిక్షకు కాదు, ఈ సాయంత్రం తప్పకుండా పట్టుబడతానన్న నమ్మకానికి. ఏడాదికోసారి డ్రైవ్ పెట్టి ఇరవై సైలెన్సర్లు రోడ్డు రోలరు కింద తొక్కించి ఫోటో తీయించుకుంటే ఆ నమ్మకం పుట్టదు. ప్రతి శని, ఆదివారాలు అవే చోట్ల పోలీసు కనబడితే పుడుతుంది.

ఇంకో మాట నిర్మొహమాటంగా చెప్పాలి. లక్షల బైకు మీద బెంగళూరు నుంచి వచ్చి నూట నలభైలో పోయేవాడికి చేయి ఊపి, పల్సర్ మీద పోయే మన ఊరి కుర్రాణ్ణి ఆపితే చట్టం మీద గౌరవం పెరగదు. అలాగే పట్టుబడినవాడి పేరు చూసి మతమూ కులమూ వెతికే అలవాటు వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువైంది. వీలింగ్‌కు కులం లేదు. మన గ్రూపుల్లో అలాంటిది వస్తే మనమే ఆపాలి.

చట్టం పనిచేయడం లేదని జనం చేతుల్లోకి తీసుకున్నా ప్రమాదమే. 2024 ఆగస్టులో బెంగళూరు నెలమంగల దారిలో వీలింగ్‌తో విసిగిన జనం రెండు స్కూటర్లను ఫ్లైఓవర్ మీద నుంచి కిందికి విసిరేశారు. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ స్కూటరు కింద పోయేవాడి నెత్తిన పడి ఉంటే? ఆస్తి ధ్వంసం నేరమే, ఎదుటివాడి తప్పు దానికి మినహాయింపు కాదు. వీడియో తీసి, నంబరు ప్లేటు కనబడేలా 112కు చెప్పండి. అంతటితో మన పని అయిపోతుంది.

ఇంట్లో చేయవలసినవి

పోలీసులు అబ్బాయిని తీసుకుపోయారని ఫోన్ వస్తే కాళ్లూ చేతులూ ఆడవు. బాగేపల్లిలోనైనా, చింతామణిలోనైనా స్టేషన్‌లో మాట తెలుగులో సాగిపోవచ్చు, కాగితం మాత్రం కన్నడంలో ఉంటుంది. కన్నడం మాట్లాడటం వచ్చినా చదవడం రాని పెద్దవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. ఏ కాగితమైనా పూర్తిగా చదివించుకునే సంతకం పెట్టండి. దర్యాప్తులో పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదని చట్టమే చెబుతుంది. ఫిర్యాదిదారుకు ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. మైనరైతే వయసు రుజువుకు బడి సర్టిఫికెట్ వెంటనే పట్టుకెళ్లండి. బండి విడుదలకు స్టేషన్ చుట్టూ మధ్యవర్తులతో తిరగకండి, కోర్టులో అర్జీ వేయండి. లాయరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవల ప్రాధికారం ఉంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు లాయరు ఉచితం. ఫోన్ నంబరు 15100.

మన బండి వల్ల ఎవరైనా గాయపడితే వదిలి పారిపోవడం రెండో నేరం. 134వ సెక్షన్ ప్రకారం ఆసుపత్రికి చేర్చడం నడిపినవాడి బాధ్యత. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర దాకా నగదు లేని చికిత్స పథకం ఉంది. "డబ్బు ఎవరు కడతారు" అని ఆగిపోయే అవసరం లేదు. సాయం చేసి చేర్చిన దారిన పోయేవాళ్లను పోలీసులు వేధించకుండా 134ఎ రక్షణ ఉంది. బాధితుల వైపు ఉంటే, పరిహారం అర్జీ ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలన్న గడువు మరవకండి.

పిల్లలకు చెప్పేటప్పుడు చావు గురించి చెప్తే వినరు. ఆ వయసులో అది పక్కవాడికి వచ్చేది. వాళ్లకు వినబడే మాటలు వేరే ఉన్నాయి. పాస్‌పోర్టు అర్జీలో, పోలీసు, రైల్వే, బ్యాంకు ఉద్యోగాల్లో కేసులున్నాయా అని అడుగుతారు. ఉన్నది దాచిపెడితే ఉద్యోగమే పోవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక నిమిషం రీల్ కోసం 25 ఏళ్ల దాకా లైసెన్సు లేకుండా ఉండాలంటే, డెలివరీ పని కూడా దొరకదు. ఇవి చెప్పండి.

ఇక తాళం సంగతి. అబ్బాయికి బండి ఇవ్వకపోతే పనులు ఆగిపోతాయన్నది నిజమే. మన పల్లెల్లో బస్సు గంటకొకటి కూడా రాదు, పాలు కేంద్రానికి టైముకు చేరాలి. ఆ ఇబ్బంది లేదని ఎవరూ అనరు. కానీ పాల బిల్లు వారానికి వచ్చేది ఎంత, పోయేది ఎంత అన్న లెక్క మనకు బాగా వచ్చు. ఈ లెక్కను కూడా అదే చేత్తో వేయండి. ఒక వైపు రోజుకు అరగంట ఆదా. ఇంకో వైపు ముప్పై లక్షలు, పొలం, ఇంకొకరి ఇంటి దీపం. రాత్రి భోజనాలయ్యాక ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలు ఒకసారి బయటికి తీసి తేదీలు చూడండి. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.